మేర నుండి మీసేవ వరకు: పల్నాట వార్ధక్యభృతి

1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ఈ దేశమున రెండు వ్యవస్థలు ఒక్కనాడే ఆరంభమైనవి. మొదటిది జాతీయ సామాజిక సహాయ కార్యక్రమము. అరువదియైదేండ్లు నిండి, ఆదరువు లేని నిరుపేద వృద్ధులకు నెలకు 75 రూపాయల భృతినిచ్చుటకు కేంద్రప్రభుత్వము తొలిసారిగా పూనుకొన్నది. రెండవది, విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వసంస్థ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములందు సామాన్యజనులకు ఇంటర్నెట్టును అందుబాటులోనికి తెచ్చుట. ఒకటి గుడిసెలోని ముసలమ్మను, ఒకటి పట్టణములోని వ్యాపారిని ఉద్దేశించి పుట్టినవి. ఒకదాని ఊసు మఱియొకదానికి లేదు. ఐనను ఇరువదియేండ్లు తిరుగకమునుపే మాచర్ల, గురజాల, నరసరావుపేట వీధులలో ఈ రెండును ఒకే కొట్టులో, ఒకే బల్లయొద్ద కలిసికొన్నవి. ఆ కలయికకు వెనుకనున్న సుదీర్ఘచరిత్రను చెప్పదలచినవాడు, ముసలితనమున అన్నమెవరు పెట్టిరి అను ప్రశ్నతో ఆగిపోరాదు. ఆ అన్నమును గడపదాక మోసికొనివచ్చినవారెవరు, ఆ మోతకు కూలి యెవరిచ్చిరి అను ప్రశ్నను గూడ అడుగవలెను. నా మట్టుకు రెండవ ప్రశ్నయే కష్టతరమైనదనియు, దానికి సరియైన సమాధానము దొరకనప్పుడెల్ల మొదటి ప్రశ్నకు దొరకిన సమాధానము వ్యర్థమైనదనియు తోచుచున్నది.

పల్నాటి చరిత్రమనగానే కారంపూడి రణరంగమును, బ్రహ్మనాయుని చాపకూడును, నాయకురాలి మంత్రాంగమును స్మరించుట మనకలవాటు. పన్నెండవ శతాబ్ది చివర జరిగిన ఆ దాయాదుల పోరును శ్రీనాథుడు ద్విపదగా రచించినాడు. వీరవిద్యావంతులు నేటికిని గానము చేయుచున్నారు. కార్తికమాసమున ఆచారవంతులు తమ పూర్వుల ఆయుధములను కారంపూడికి పూజకు తెచ్చుచున్నారు. పోరునకు పోయి మరణించిన కొడుకుల పేర శిలలు నిలిచినవి గాని, ఆ కొడుకుల తల్లిదండ్రులు తరువాతి యేండ్లను ఏమి తిని గడపిరో చెప్పు శిల కానరాదు. అట్టివారి కథకు ఆధారములు వీరగాథలు గావు. కరణముల లెక్కలు, చట్టములు, తపాలా రసీదులు, నేడు నెట్ సెంటరు గోడకు అంటించిన రేట్ల పట్టిక.

బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను, అనాథలను రాజు పోషింపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించియున్నాడు. అది రాజధర్మముగా నిలిచినదే కాని, ముసలివాడు ఏ వాకిటికి పోయి అడుగవలెనో తెలుపు పద్ధతిగా పరిణమింపలేదు. మూలధనమును ముట్టక, దానిపై వచ్చు ఆదాయముతో ఒక ధర్మమును నిరంతరము నడపు నేర్పు మాత్రము ఈ నేలపై కడు ప్రాచీనము. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ ఇక్ష్వాకుల కాలమున విజయపురియను పేర రాజధానియై విలసిల్లిన దినములలో, క్రీస్తుశకము 3, 4 శతాబ్దులందు, అచ్చటి శాసనములు అట్టి శాశ్వతనిధిని అక్షయనీవియను పేర పేర్కొన్నవి. మూలధనపు రాబడిపై నడచు నేటి నిధులకు ఆధారమైన సూత్రమిదియే. ఐనను ఆ నీవి దేవాలయములకు వర్తించెను. ముసలి కాపునకు గాని ముసలి కుమ్మరికి గాని వర్తింపలేదు.

కుమ్మరికి వేఱొక యేర్పాటుండెను. పల్లెలోని పన్నిద్దరు ఆయగాండ్రకు జీతము నాణెములలో లేదు, కళ్ళములో నుండెను. జొన్నలు తూర్పారబట్టి రాశిపోసిన దినమున, కాపు ఇంటికి గింజ చేరకమునుపే, వడ్రంగికింత, కమ్మరికింత, చాకలికింత, మంగలికింత, తలారికింత యని కొలిచియిచ్చు మేర ఆ రాశినుండియే తీయవలసియుండెను. ఈ మేర మనిషికి గాక మిరాశికి, అనగా వంశపారంపర్యపు హక్కునకు, చెందియుండుట ఇందలి ముఖ్యాంశము. తండ్రి చేతులు వణకి బాడిస పట్టలేనినాడు కొడుకు పట్టును. రాశియొద్ద గోనెపట్టా పఱచువాడు కొడుకే యైనను, ఆ గింజలలో తండ్రికిని తల్లికిని పాలు కలదని ఒకరు చెప్పకయే ఊరంతయు నెఱుగును. కాపునకు పొలము, కరణమునకు మాన్యము, ఆయగానికి మేర, మూడును వంశమును పట్టి నడచినవే కాని వయస్సును పట్టి నడచినవి కావు. కావుననే వృద్ధునకు ప్రత్యేకముగా భృతి యేర్పఱచవలెనను తలపు ఆ లోకమున పుట్టలేదు. మోసికొనివచ్చువాని సమస్యయు లేదు: గింజ కొలిచినచోటికి తినువాని యిల్లు నాలుగడుగుల దూరము.

ఆ కాలమును స్వర్ణయుగముగా వర్ణించువారితో నేనేకీభవింపజాలను. మేర దక్కవలెనన్న మిరాశి కావలెను. మిరాశి నిలువవలెనన్న కొడుకు కావలెను. కొడుకు లేని వితంతువునకు, సెంటు నేల లేని పాలేరునకు, ఊరి వెలుపల కాపురమున్న వెట్టివానికి ఆ కళ్ళమున దక్కినది పరిగె యేరుకొను హక్కు మాత్రమే. పైగా వర్షమునే నమ్ముకొన్న ఈ జొన్నకూటి సీమలో రాశియే పడని యేడు మేరయు లేదు, పరిగెయు లేదు. 1832-33 నాటి నందన కరువును పెద్దలు డొక్కల కరువని చెప్పుకొనెడివారు. గుంటూరు జిల్లాలో నాడున్న సుమారు 5 లక్షల జనులలో 2 లక్షలమంది ఆ కరువున నశించిరి. అట్టి తఱి గంజికేంద్రము దాక నడువగలవాడు బ్రదుకును, నడువలేనివాడు పోవును. ఇంటిల్లిపాదియు వలసపోవునప్పుడు వెంట నడువలేక వెనుకబడువారెవరో వేఱుగా చెప్పనక్కఱలేదు. వంశమును నమ్ముకొన్న ఏర్పాటునకు, వంశమే చెదరిన దినమున ఆధారము లేకపోయెను.

ఇంగ్లీషు ప్రభుత్వము పింఛనును ఎఱుగనిది కాదు. 1871 నాటి పింఛనుల చట్టము మొదలు దానికి నియమావళి యెంతయో కలదు. ఐనను ఆ పింఛనుదారు ఎవ్వరనగా, కచేరీలో గుమాస్తాగిరి చేసి దిగినవాడు, పటాలములో నుండి తిరిగివచ్చినవాడు, లేక పూర్వపు సంస్థానములకు సంబంధించిన కుటుంబమువాడు. అరక దున్నినవానికి సర్కారుతో నున్న సంబంధము ఇచ్చుటయే కాని పుచ్చుకొనుట కాదు. అడవిలో పసువులు మేపుకొన్నందులకు పుల్లరి కట్టుమని వాకిట నిలిచిన ప్రభుత్వమే పల్నాటివారికి తెలిసిన ప్రభుత్వము. ఆ పుల్లరిని ధిక్కరించి నిలిచిన కన్నెగంటి హనుమంతు మించాలపాడున 1922 ఫిబ్రవరి 22న పోలీసు తుపాకులకు బలియయ్యెను. సర్కారువాడు గడపకు వచ్చినాడన్న గుండె జల్లుమను ఈ స్మృతిని మనసులో నుంచుకొని చదివినగాని, ఆ గడపకే నూఱేండ్ల తరువాత సర్కారువాడు డబ్బు తీసికొని వచ్చుటలోని మార్పు మనకు బోధపడదు.

స్వాతంత్ర్యానంతరము నలువదియేండ్లలోపున పల్నాటి ముసలివారి స్థితి అంతకుముందు రెండువందలయేండ్లలో మాఱనంతగా మాఱినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిపెట్టెను. విజయపురి శిథిలములు జలాశయమున మునిగినవి. కుడికాలువ క్రింద జొన్నచేలు వరిమళ్ళయినవి, మెట్టచేలు పత్తి, మిరప తోటలైనవి. నేల విలువ పెరిగినకొలది ఆ నేలను తన పేర వ్రాయించుకొనవలెనను తొందరయు కొడుకులలో పెరిగినది. ఇనాముల రద్దు చట్టము 1956లో వచ్చి, మాన్యములు రైత్వారీ పట్టాలైనవి. నాణెముల వాడుక పెరిగి, ట్రాక్టరు వచ్చి, కళ్ళములోని మేర క్రమముగా తఱిగిపోయినది. 1984లో కరణము, మునసబుల పదవులే రద్దయినవి. వంశమును పట్టి నడచిన మూడు ఆధారములలో నిలిచినది పొలము ఒక్కటి. ఆ పొలమును తండ్రి బ్రతికియుండగనే పంచుట ఆచారమైనది.

ఈ పంపకములను గూర్చి కొంత వివరముగా చెప్పక తప్పదు. ఊరి పెద్దమనుషులు నలుగురు కూర్చుండి, పొలమును కుంటలతో సహా కొలిపించి, గొడ్లను, బావిని, ఇంటిని వాటాలువేసి, చివర తల్లిదండ్రుల మాట యెత్తుదురు. జాగ్రత్తగలవారు ముసలివారి జీవితకాలమునకు ఎకరమో రెండెకరములో అట్టిపెట్టి, వారి తదనంతరము కొడుకులకు సమానముగా చెందునట్లు దస్తావేజులో వ్రాయింతురు. మొగమాటమునకు పోయినవారు అంతయు పంచియిచ్చి వంతులకు ఒప్పుకొందురు. వంతులనగా నెలకొక కొడుకింట భోజనము. నెల మాఱు దినమున ఆ తల్లి తన ట్రంకుపెట్టెను, కంచుచెంబును, మందుల సంచిని, దుప్పటిని మనుమనిచేత మోయించుకొని వీధి యీ చివరనుండి ఆ చివరకు పోవును. ముప్పదియొకటవ తేదీ గల నెలలలో ఆ యెక్కువ దినము ఎవరి వంతులోనిదో యని తగవులు పడిన యిండ్లు కలవు. భారము సమముగా నుండుటకై తండ్రిని పెద్దవానికి, తల్లిని చిన్నవానికి అప్పగించి, ఏబదియేండ్లు కలిసి కాపురము చేసినవారిని ఒకే యూరిలో వేఱువేఱు గడపలలో నుంచిన పంపకములును కలవు. ఆ పెద్దమనుషుల న్యాయబుద్ధిని నేను శంకింపను. కాని కొలతపెట్టెలో ఇమిడినదంతయు న్యాయము కాదని చెప్పుటకు ఇంతకంటె బలమైన నిదర్శనము నాకు తెలియదు.

చట్టము ఈ సంగతిని చూడకపోలేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము 20వ విభాగమున, తమను తాము పోషించుకొనలేని వృద్ధులైన తల్లిదండ్రులను పోషించు బాధ్యతను కొడుకుపైనను కూతురుపైనను సమానముగా మోపినది. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు అన్ని మతముల తల్లిదండ్రులకును ఆ మార్గమును తెఱచినది. ఐనను కన్నకొడుకుపై నరసరావుపేట కోర్టులో దావా వేయుటకు ఎందరు తల్లులు బండియెక్కుదురు? 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ఈ జంకును గుర్తించి, వకీలుతో పనిలేకుండ రెవిన్యూ డివిజనల్ అధికారియొద్దనే మొఱపెట్టుకొను వీలును కల్పించినది. నెలకు 10,000 రూపాయలకు మించని మనోవర్తిని ఆ న్యాయాధికరణము విధింపవచ్చును. దానిలోని 23వ విభాగము మఱింత విలువైనది: తమను చూచుకొనవలెనను షరతుపై ఆస్తి వ్రాసియిచ్చిన ముసలివారిని, పుచ్చుకొన్నవాడు చూడనిచో, ఆ దస్తావేజు చెల్లదని ప్రకటింపవచ్చును. పెద్దమనుషులు అలవాటుగా వ్రాయించు దస్తావేజులో ఈ షరతు ఒక్క పంక్తిగా చేరినచో పల్నాట ఎన్ని ముసలిప్రాణములు నిశ్చింతగా నుండునో దస్తావేజు లేఖరులు తలచుకొనవలెను.

కొడుకులందరును కఠినులని ఈ మాటలకు అర్థము గాదు. ఇవ్వలేని కొడుకులును కలరు. 1987లో తెల్లదోమ పట్టి పత్తిచేలు పోయినప్పుడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో రైతులు పురుగుమందు త్రాగి మరణించిరి. కొడుకు పోయినయింట కోడలిని, పసిబిడ్డలను, అప్పును ముసలివారే మోయవలసివచ్చినది. వార్ధక్యమున బిడ్డలే ఆధారమను సూత్రము తలక్రిందులై, బిడ్డల బిడ్డలకు వార్ధక్యమే ఆధారమైన దుర్దశ అది.

కుటుంబము వెలుపలినుండి ముసలివారికి డబ్బు వచ్చు మార్గము మొదట తపాలాశాఖవలన ఏర్పడినది. 1880లో మన దేశమున తపాలా మనియార్డరు వచ్చినది. రైల్వేలోనో, పటాలములోనో, బొగ్గుగనులలోనో పనికి కుదిరిన కొడుకు పంపిన ఐదో పదో రూపాయలను తపాలా జవాను ఇంటిముందు సైకిలు ఆపి, వేలిముద్ర వేయించుకొని, సాక్షి యెదుట లెక్కపెట్టియిచ్చెడివాడు. అడుగున నున్న చిన్న చీటీలో కొడుకు వ్రాసిన నాలుగు ముక్కలను చదివి వినిపించుట అతని ఉద్యోగధర్మములోనిది కాదు. ఐనను చదివి వినిపించెడివాడు. సర్కారు రాష్ట్రమంతటను వృద్ధాప్యపు పింఛనునిచ్చుట 1960 ప్రాంతమున ఆంధ్రప్రదేశమున మొదలైనది. 1957లో ఉత్తరప్రదేశము, తరువాత కేరళము, ఆంధ్రప్రదేశము ఈ దారి త్రొక్కినవి. ఏ దిక్కును లేని ముసలివారికే అది పరిమితము. అర్జీ తాలూకా కచేరీకి పోవలెను; వయస్సునకు రుజువు లేదు; పుట్టిననాటి పుష్కరమో గాలివానో చెప్పి కరణమును ఒప్పింపవలెను. అప్పటి పేర్ల పట్టికలో స్థలమేర్పడుట, అంతకుముందున్నవారిలో నొకరు కన్నుమూసినప్పుడు మాత్రమే యను స్థితి చిరకాలము సాగినది.

కర్మాగారములు కొందఱికి వేఱు దారి చూపినవి. మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము 1958లో వెలసినది. అట్టిచోట ఖాయమైన పని దొరకినవానికి 1952 నాటి భవిష్యనిధి చట్టము వర్తించెను, 1995 నవంబరునుండి ఉద్యోగుల పింఛను పథకము తోడయ్యెను. 2014లో దాని కనీస మొత్తము నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. కాని ఆ సిమెంటునకు పునాదియైన సున్నపురాతి సీమలోనే, పిడుగురాళ్ళ సున్నపుబట్టీలయొద్ద, మాచర్ల నాపరాతి గనులలో దినకూలికి పనిచేసినవారి పేర ఏ నిధిలోను పైసా చేరలేదు. రాయి కోసి, సున్నము గాల్చి, అఱచేతులు అరిగి ముసలివారైనవారందరును 75 రూపాయల పథకమునకు ఎదురుచూచినవారే.

ఆ 75 కేంద్రమువారి లెక్కలో 2006లో 200 అయినది. 2011లో అర్హతవయస్సు 60కి తగ్గి, 80 దాటినవారికి 500 అయినది. అంతటితో నేటివఱకును అది కదలలేదు. కదిలినది రాష్ట్రపు భాగము. అది చేరిన మొత్తము 2014లో 1,000, 2019 ఆరంభమున 2,000, తరువాత 2,250 మొదలుకొని 2024 జనవరికి 3,000, 2024 జూలైలో 4,000. ఎన్నికల వాగ్దానములు ఈ పెంపునకు కారణమని కొందరు చప్పరింతురు. ఓటుగల ముసలమ్మ మాటకు ప్రభుత్వములు పోటీపడి చెవియొగ్గుటలో నాకు దోషమేమియు కానరాదు. ప్రశ్న వేఱొకటి: వితంతువులు, దివ్యాంగులు మున్నగువారితో కలిపి 60 లక్షలకు పైబడిన రాష్ట్రపు పింఛనుదారులకు నెలకు సుమారు 2,700 కోట్ల రూపాయలు కావలెను, ఇది నిధియై కూడబెట్టిన ధనము కాదు, ఆ నెల పన్నులలోనుండి ఆ నెలనే ఇచ్చునది. కూడబెట్టు ప్రయత్నము ఒక్కసారి జరిగినది. 2009 నవంబరులో వచ్చిన అభయహస్తము క్రింద, పొదుపు సంఘములోని స్త్రీ దినమునకు రూపాయి వేసినచో ప్రభుత్వము మఱియొక రూపాయి చేర్చి, 60 నిండినపిదప నెలకు కనీసము 500 ఇచ్చునట్లు నిశ్చయించిరి. విజయపురి శాసనములలోని అక్షయనీవి కూలిస్త్రీ గడప త్రొక్కిన సందర్భమది. ప్రభుత్వములు మారి ఆ పథకము నిలువకపోవుట మన రాష్ట్రపు వార్ధక్యచరిత్రలో పెద్ద నష్టమని నా నిశ్చితాభిప్రాయము.

ఇక మోసికొనివచ్చువాని సంగతి. కరణము పోయిన నాలుగైదేండ్లకే పట్టణములలో ఎస్టీడీ బూతులు వెలసినవి. పసుపుపచ్చని ఆ గాజుగదులే మన చిన్న ఇంటర్నెట్టు వ్యాపారమునకు పూర్వరూపములు. బూతు పెట్టినవాడే జిరాక్సు యంత్రము తెచ్చెను. జిరాక్సు పెట్టినవాడే కంప్యూటరు తెచ్చెను. నరసరావుపేట 1950లో ఏర్పడిన ఎస్.ఎస్.ఎన్. కళాశాల మొదలు విద్యాకేంద్రముగా పెరిగిన యూరు. పరీక్షాఫలితములు, హాల్‌టిక్కెట్లు, కౌన్సెలింగులు అచ్చటి నెట్ సెంటరులకు తొలి బేరములు. 2001లో హైదరాబాదున ఈసేవ, 2011 నవంబరులో చిత్తూరున మీసేవ ఆరంభమై, ఆదాయము, కులము, జననము, అడంగలు మున్నగు పత్రములన్నియు ఆ కంప్యూటరు ద్వారా రాసాగినప్పుడు ఈ కొట్టు స్వరూపమే మాఱినది. రెండు కంప్యూటర్లు, ప్రింటరు, స్కానరు, లామినేషను యంత్రము, కరెంటు పోయినప్పటికై ఇన్వర్టరు, వేలిముద్ర తీయు చిన్న పెట్టె: ఇంతటి సరంజామాతో, ఊరిలో ఉద్యోగము దొరకని పట్టభద్రుడు బస్టాండు చెంత పది అడుగుల గది అద్దెకు తీసికొని కూర్చుండును. అతని ఆదాయము చిల్లర రూపములోనిది. అర్జీకింత, ప్రింటుకింత, ఆధార్ ద్వారా డబ్బు తీసియిచ్చినందులకు బ్యాంకు ఇచ్చు కమీషను కొంత. అద్దె, కరెంటు, ఇంటర్నెట్టు బిల్లు పోగా మిగులునది ఎక్కువ గాదు. ఆ కొట్టు నిలుచుట గిరాకీ సంఖ్యపై నాధారపడును. గిరాకీలో పెద్దభాగము ముసలివారును వారి కాగితములును.

ఒక్కసారి ఆ బల్లయొద్ద నిలిచి చూడవలెను. సున్నపుబట్టీలో పనిచేసిన ముసలమ్మ బొటనవ్రేలు గాజుపై నుంచును; యంత్రము ఎఱ్ఱగా వెలిగి కాదనును. “మామ్మా, గట్టిగా నొక్కకు, మెల్లగా పెట్టు” అని అతడు చెప్పును. తడిగుడ్డతో తుడిచి మరల పెట్టించును. చూపుడువ్రేలు, మధ్యవ్రేలు వరుసగా ప్రయత్నించును. “నాయనా, నా వేలు నాది కాదంటదా?” అని ఆమె యడుగును. ఏండ్లతరబడి రాయియు సున్నమును ఒరసి ఆ వ్రేళ్ళపై గీతలు మాసిపోయినవి. ఏ పనికి ప్రతిఫలముగా ఆమెకు భృతి రావలెనో ఆ పనియే ఆ భృతికి అడ్డు నిలిచినది. అప్పుడతడు కంటిపాప పరికరమునకో, ముఖమును గుర్తించు ఏర్పాటునకో, పంచాయతీ కార్యదర్శి సంతకమునకో దారి వెదకును. సర్వరు పలుకనినాడు రేపు రమ్మనును. ఆమెకు రేపు రావలెనన్న ఆటోకిరాయి మరల కావలెను. ఈ వృత్తిలో అధికముగా గుంజువారు లేకపోలేదు. ముసలివారి వ్రేలిముద్ర ఒక్కసారి వేయించి రెండు మార్లు డబ్బు తీయు మోసములును దేశమున జరిగినవి. పూర్వము కరణముపై నుండిన అనుమానమే నేడు ఈ బల్లపై నున్నది. దానికి కారణమును అదియే: వ్రాత తెలిసినవాని కూలిని వ్రాత తెలియనివాడు తన కొద్ది డబ్బునుండి ఈయవలసివచ్చుట. ఆ కూలిని ఖజానా భరించినప్పుడే ఆ బల్ల శుభ్రపడును.

ఖజానా భరించిన రోజులును వచ్చినవి. 2019 అక్టోబరు 2న గ్రామసచివాలయములు, అంతకుముందు ఆగస్టు 15న నెలకు 5,000 గౌరవవేతనముతో వలంటీర్లు వచ్చి, 2020 ఫిబ్రవరినుండి పింఛను ఇంటివద్దకే చేరసాగినది. తెల్లవారకమునుపే తలుపు తట్టి ఫోనుపై వ్రేలిముద్ర తీసికొని డబ్బిచ్చు పద్ధతి అది. 2024 మార్చి చివర ఎన్నికల సంఘము వలంటీర్లను ఆ పనినుండి తప్పింపగా, ఏప్రిలులో సచివాలయములయొద్ద, మే నెలలో బ్యాంకులయొద్ద ముసలివారు ఎండలో నిలిచిరి. రెంటచింతల యెండ ఎట్టిదో ఎఱిగిన పల్నాటివారికి ఆ నిలుపు ఎంతటి కష్టమో వివరింపనక్కఱలేదు. ఇచ్చువాడున్నను మోయువాడు తప్పుకొన్న ఒక్క ఋతువులో ఏమగునో ఆ రెండు నెలలు చూపినవి. జూలై 1న సచివాలయోద్యోగులే, బకాయిలతో కలిపి 7,000 రూపాయలను ఇంటింట పంచిరి. 2024 డిసెంబరు 31న, నూతనసంవత్సరపు సెలవునకు ముందుగనే పింఛనునిచ్చు సందర్భమున, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు నరసరావుపేట మండలములోని యల్లమందకు వచ్చి స్వయముగా పంచి, కోటప్పకొండ త్రికోటేశ్వరుని దర్శించుకొనెను.

మఱునెల, 2025 జనవరి 30న, మనమిత్ర అను పేర ప్రభుత్వము 161 సేవలను వాట్సాపులోనే ఇచ్చుట మొదలుపెట్టినది. సచివాలయములు వచ్చినప్పుడు గిరాకీ తఱిగిన మీసేవ నిర్వాహకులు అప్పుడే ఆందోళన చేసియుండిరి. ఇప్పుడు పత్రములు చేతిఫోనుకే వచ్చునపుడు వారి కొట్టు నిలుచునా యని అడుగవచ్చును. నిలుచునని నా విశ్వాసము; కాని పాత సరకుతో గాదు. కొడుకు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి, తల్లి ఒక్కతె ఊరిలోనున్న యిండ్లు పెరుగుచున్నవి. ఆమెకు కావలసినవి రక్తపరీక్షకు పేరు వ్రాయించుట, మందులు తెప్పించుట, కొడుకు పంపిన డబ్బును సరిచూచుట, ఫోనులో వచ్చు దొంగమాటలనుండి కాపాడుట. ఫోను ఇంటికి వచ్చినను, దానిని నమ్మకముగా నొక్కిపెట్టు మనిషి ఇంటికి రావలసియున్నది. ఆ కొడుకు దూరమునుండియే యూపీఐ ద్వారా కూలి చెల్లింపగలడు. నాడు మనియార్డరు చీటీని చదివి వినిపించిన జవాను కూలి లేకుండ చేసిన పనికి నేడు కూలి యేర్పడు తరుణమిది.

సంఖ్యలును ఆ దిశనే చూపుచున్నవి. ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఈ రాష్ట్రపు స్త్రీకి సగటున 1.7 బిడ్డలు, జనాభా నిలకడగా నుండుటకు 2.1 కావలెను. ఇద్దరికి మించి బిడ్డలున్నవారు స్థానికసంస్థలకు పోటీచేయరాదని 1994లో చేసిన నిబంధనను 2024 నవంబరులో శాసనసభ రద్దుచేసినది. నేడు పుట్టు బిడ్డ సంపాదనకు వచ్చుటకు ఇరువదియేండ్లు పట్టును. అంతలో అరువది నిండువారు ఇప్పటికే మనమధ్య మిరపకోతలలో, నాపరాతి గనులలో ఉన్నారు. వారి వెనుకనే ఆ నెట్ సెంటరు యువకుడును ఉన్నాడు. ఊరందరి పింఛను అర్జీలను నింపు అతనికి భవిష్యనిధి లేదు, యజమాని లేడు, జీతము లేదు. 2015లో వచ్చిన అటల్ పింఛను పథకమున 18 మొదలు 40 ఏండ్లలోపువారు చేరవచ్చును. అరువది నిండినపిదప నెలకు 1,000 మొదలు 5,000 రూపాయలవరకు, కట్టిన చందానుబట్టి వచ్చును. చేరిననాడు ఎంచుకొన్న అంకెకు పూచీ కలదు. ధరలతో పాటు ఆ అంకె పెరుగునను పూచీ లేదు.